వార్తల్లో పదం: కరువు భత్యం

ధరలు పెరిగినపుడు వేతనజీవి కొనుగోలుశక్తి క్షీణింపకుండుటకై మూలవేతనముపై ఇంత శాతమని లెక్కగట్టి చెల్లించు మొత్తమే కరువు భత్యము. డీఏ యని వాడుక. కేంద్ర కార్మిక బ్యూరో దేశమందలి 88 పారిశ్రామిక కేంద్రములలోని 317 విపణులనుండి బియ్యము, పప్పు, నూనె మున్నగువాని ధరలు సేకరించి, 2016వ సంవత్సరమును నూరుగా గ్రహించి నెలనెలా ప్రకటించు పారిశ్రామిక కార్మికుల ధరల సూచికయే, పన్నెండు నెలల సగటు రూపమున, కేంద్రోద్యోగుల భత్యమునకు ఆధారము. జనవరి 1, జూలై 1 తేదీలనుండి రేటు మారును.

లెక్క యెంత శాస్త్రీయమైనను చెల్లింపు మాత్రము ఖజానా చిత్తము! కోవిడ్ కాలమున కేంద్రము 2020 జనవరి మొదలు మూడు విడతలను నిలిపి, 2021 జూలైలో రేటును పునరుద్ధరించినను, నడిమి పదునెనిమిది నెలల బకాయి నీయలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోనైతే విడతలు ఆలస్యముగా మంజూరగుట, బకాయిలు భవిష్యనిధి ఖాతాలకు తరలుట పరిపాటి. ఖాళీలు నింపక ఇద్దరి పని యొక్కరిపై మోపిన కార్యాలయములలో ఈ జాప్యము మరింత బాధాకరము. పొరుగుసేవల సిబ్బందికి సాధారణముగ స్థిరవేతనమే కాని యీ భత్యము లేదు. వారికేమి, పాలు చవుకగా దొరకునా?

విడత ప్రకటింపబడినదను వార్త కంటబడినపుడు శాతముతోబాటు అమలు తేదీని, బకాయి చెల్లించు విధమును గూడ పాఠకులు చూచుకొనవలెను.