సముద్రం పెరిగితే మిస్సిసాగా మునుగుతుందా?

మిస్సిసాగాలోని పోర్ట్ క్రెడిట్ ఒడ్డున నిలబడి చూస్తే ఒంటారియో సరస్సు అచ్చం సముద్రమే. అలలు కూడా ఉంటాయి, ఉప్పొక్కటే తక్కువ. మరి సముద్రమట్టం పెరిగితే ఇదీ పొంగుతుందా?

పొంగదు. ఈ సరస్సు సముద్రం కన్నా సుమారు 75 మీటర్ల ఎత్తున ఉంది. దీని నీళ్లు సెయింట్ లారెన్స్ నది మీదుగా అట్లాంటిక్‌లోకి దిగుతాయి. అట్లాంటిక్ ఇంత ఎత్తు ఎక్కి రాలేదు. 2017లో, 2019లో సరస్సు పెరిగి పక్కనున్న టొరంటో దీవుల్లోకి నీళ్లొచ్చిన మాట నిజమే. అది వానలు, కరిగిన మంచు చేసిన పని.

అసలు చిక్కు మన తాతల ఊళ్ల వైపు ఉంది. కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం ఇళ్లను, రోడ్డును కోసుకుపోతోంది. రాళ్లు పోసినా ఆగడం లేదు.

దీనికి ఒక కారణం సముద్రమట్టం పెరగడం. అదెందుకు పెరుగుతోంది? వేడెక్కిన నీరు వ్యాకోచిస్తుంది. దానికితోడు నేల మీది మంచు కరిగి సముద్రంలో కలుస్తుంది. (గ్లాసులో తేలే ఐసు కరిగితే మట్టం పెరగదు. బయటినుంచి కొత్త ముక్క వేస్తే పెరుగుతుంది. చేసి చూడండి.) 1900 నుంచి సముద్రం దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగింది. జానెడే కదా అనుకోకండి! చదునైన తీరంలో జానెడు నీరు చాలా లోపలికి పాకుతుంది.

గోదావరి డెల్టాకి ఇంకో కష్టం. ఒండ్రునేల దానంతటదే మెల్లగా కుంగుతుంది. ఆ లోటును వరదలు తెచ్చే కొత్త మట్టి పూడ్చేది. ఇప్పుడు ఆ మట్టిలో చాలా భాగం ఎగువ ఆనకట్టల వెనకే ఆగిపోతోంది.

ఈసారి సెలవులకు ఆ వైపు వెళ్తే, చిన్నప్పుడు ఒడ్డు ఎక్కడుండేదో ఉప్పాడ పెద్దవాళ్లను అడగండి. వాళ్లు నీళ్లలోకి వేలు చూపిస్తారు.