ఎస్ట్రవెన్ ఎవరు? – ‘ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’పై పాఠక ప్రతిస్పందనలు

ఉర్సులా కె. లె గ్విన్ 1969లో వెలువరించిన ‘ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’ నవలకు నెబ్యులా, హ్యూగో పురస్కారాలు రెండూ లభించాయి. అయినా పాఠకులలో ఏకాభిప్రాయం కుదరలేదు. అభ్యంతరాలలో ప్రధానమైనది నవలలోని ఊహా విజ్ఞానం గురించి కాదు, ఒక పాత్ర గురించి.

గెథెన్ అనే శీతల గ్రహంలో మనుషులకు స్థిరమైన లింగం లేదు. నెలకు కొద్దిరోజులు మాత్రమే వారు స్త్రీగానో పురుషుడిగానో మారుతారు. ఒకే వ్యక్తి ఒక బిడ్డకు తల్లి, మరొక బిడ్డకు తండ్రి కావచ్చు. అక్కడికి దూతగా వెళ్లిన జెన్లీ ఐ, కార్హైడ్ రాజ్య ప్రధాని ఎస్ట్రవెన్‌ను మొదట శంకిస్తాడు. చివరకు ఇద్దరూ కలిసి మంచు మైదానాన్ని దాటుతారు. నవల బలమంతా ఈ సంబంధంలోనే ఉంది.

పోలిష్ రచయిత స్తనిస్లావ్ లెమ్‌కు గెథెన్ వాసుల వేషభాషలు, నడవడి పురుషులవిగానే తోచాయి. స్త్రీవాద రచయిత్రి జోఆనా రస్ సైతం ఇందులో స్త్రీ కనబడదని ఆక్షేపించారు. మరికొందరు పాఠకులు ఈ లోపాన్ని కథకుడికి ఆపాదిస్తారు: చూసే కన్ను జెన్లీది, కాబట్టి చూపులోని వక్రత కూడా అతనిదే. ఈ సమర్థన సగమే నిలుస్తుంది. ఎస్ట్రవెన్ స్వయంగా రాసిన దినచర్య అధ్యాయాలలోనూ తోటి గెథెన్ వాసులకు పుంలింగ సర్వనామమే వాడబడింది. ఆ సర్వనామాన్ని 1976 నాటి వ్యాసంలో సమర్థించిన లె గ్విన్, 1987లో అదే వ్యాసానికి చేర్చిన వ్యాఖ్యలలో తన అభిప్రాయాన్ని మార్చుకున్నారు. ఇదే గ్రహం నేపథ్యంగా రాసిన ‘వింటర్స్ కింగ్’ కథను 1975లో పునర్ముద్రించినప్పుడు ‘రాజు’ అనే బిరుదును అలాగే ఉంచి, సర్వనామాలను మాత్రం స్త్రీలింగానికి మార్చారు.

తెలుగు అనువాదకుడికి ఈ చిక్కు ఇంకొక రూపంలో ఎదురవుతుంది. ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అన్న క్రియలే లింగాన్ని చెప్పేస్తాయి. ‘వారు వచ్చారు’ అంటే లింగం తొలగుతుంది గాని గౌరవం వచ్చి చేరుతుంది. తొలి అధ్యాయాలలో జెన్లీకి ఎస్ట్రవెన్‌పై లేనిదే ఆ గౌరవం. మంచు గుడారంలో చనువు పెరిగాక ఆ మాటే ఎడంగా వినిపిస్తుంది. ఎస్ట్రవెన్ తన గురించి తాను రాసుకున్న వాక్యాలకు మాత్రం ఈ ఇబ్బంది లేదు: ‘వచ్చాను’ అన్న క్రియకు లింగభేదం లేదు.