ముల్లు చెప్పేదెంత? డీజిల్ ట్రక్కు సూచికల విశ్వసనీయత

వేసవి సెలవుల్లో డీజిల్ పికప్ ట్రక్కుకు బరువైన ట్రైలరు తగిలించి, అమెరికా పశ్చిమ పర్వతాల మీదుగా ప్రయాణించే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కొలరాడోలోని ఐసెన్‌హవర్ సొరంగం దగ్గర రహదారి సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఆ ఎగువదారిలో ఇంజను స్థితిని తెలిపేవి డాష్‌బోర్డు మీది రెండు మూడు ముళ్ళు మాత్రమే. అవి మధ్యలో నిలిచి ఉంటే అంతా సవ్యంగా ఉన్నదని చోదకుడు భావిస్తాడు. ఆ భావన ఎంతవరకు సమంజసమో తెలియాలంటే ముల్లు వెనుక ఏమి జరుగుతున్నదో పరిశీలించాలి.

ప్రతి కొలత సాధనంలోను కొంత దోషం సహజం. అమెరికాలో వాణిజ్య ట్రక్కు స్పీడోమీటరు గంటకు 50 మైళ్ళ వేగం వద్ద 5 మైళ్ళు అటూ ఇటూ చూపినా నిబంధన అంగీకరిస్తుంది. అటువంటి దోషం ఎంతో తెలిస్తే సవరించుకోవచ్చు. కాని ముల్లు కదలకుండా ఉండేటట్లు నిర్మాతలే ఏర్పాటు చేసినప్పుడు, సవరించుకోవడానికి చోదకుడి వద్ద అంకె ఏదీ ఉండదు.

ముందుగా ఇంజనును చల్లబరచే ద్రవం ఉష్ణోగ్రతను తీసుకుందాము. దానిని గ్రహించేది థర్మిస్టరు. మాంగనీసు, నికెలు, కోబాల్టు వంటి లోహాల ఆక్సైడ్లను కాల్చి గట్టిపరచిన చిన్న బిళ్ళ ఇది. వేడెక్కిన కొద్దీ దీని విద్యున్నిరోధం తగ్గుతుంది. ఈ సంకేతం నేటి వాహనాల్లో నేరుగా ముల్లుకు చేరదు. కంప్యూటరు మధ్యవర్తిగా ఉంటుంది. ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీల సెల్సియస్‌కు పైగా మారినా ముల్లును మధ్యలోనే నిలిపే వాహనాలు ఉన్నాయి. ముల్లు కాస్త కదిలినప్పుడల్లా కొనుగోలుదారులు కంగారుపడి మరమ్మతు కేంద్రానికి రావడమే ఇందుకు కారణం.

రేడియేటరు మూత పనిచేసే తీరు గృహిణులకు సుపరిచితమే. ప్రెషర్ కుక్కరు మీది బరువు ఆవిరిని బంధించి, నీటి మరుగు స్థానాన్ని పెంచినట్లే ఇదీ పెంచుతుంది. సగం నీరు, సగం ఇథిలీన్ గ్లైకాల్ ఉన్న ద్రవం సముద్రమట్టం వద్ద సుమారు 107 డిగ్రీలకు మరుగుతుంది. చదరపు అంగుళానికి 15 పౌండ్ల పీడనాన్ని నిలిపే మూత ఉంటే ఆ హద్దు 129 డిగ్రీల దాకా పోతుంది. ఎత్తైన ప్రదేశాల్లో గాలి పీడనం తక్కువ కనుక హద్దు కొన్ని డిగ్రీలు దిగుతుంది. ముల్లు ఈ తేడాను చూపదు. పైగా ద్రవం కారిపోయి సెన్సారు ఆవిరిలో మిగిలితే, ఇంజను మాడుతున్నప్పటికీ సూచిక తక్కువ ఉష్ణోగ్రతనే చూపవచ్చు.

నూనె పీడనం విషయం మరింత విచిత్రమైనది. 1990లలో ఫోర్డ్ సంస్థ ప్రవేశపెట్టిన 7.3 లీటర్ల పవర్‌స్ట్రోక్ డీజిల్ ట్రక్కుల్లో ఈ గేజి వెనుక ఉన్నది ఒక సాధారణ స్విచ్చి. పీడనం చదరపు అంగుళానికి ఆరేడు పౌండ్లు దాటితే చాలు, ముల్లు మధ్యకు వచ్చి నిలుస్తుంది. రహదారి మీద 40 పౌండ్లు ఉండవలసిన పీడనం 10కి పడిపోయినా అది కదలదు. చూడటానికి గేజి, పనికి హెచ్చరిక దీపం!

బరువు లాగే డీజిల్ ఇంజనుకు అన్నిటికన్నా ముఖ్యమైన వ్యర్థ వాయువుల ఉష్ణోగ్రతను చాలా ట్రక్కుల డాష్‌బోర్డు అసలు చూపదు. పికప్ ట్రక్కుల ఇంజన్లలో ఎక్కువగా వాడే పిస్టన్లు అల్యూమినియం మిశ్రలోహంతో చేసినవి. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. కింది నుంచి నూనె చల్లబరుస్తూ ఉండటం వల్ల పిస్టను అంతకన్నా వేడి వాయువులను తట్టుకుంటుంది. అయినప్పటికీ టర్బోకు ముందు 700 డిగ్రీలు, అంటే ఫారన్‌హీట్‌లో దాదాపు 1,300, దాటి ఎక్కువసేపు నడపరాదన్నది అనుభవజ్ఞులు పాటించే హద్దు. దీనిని కొలిచేది థర్మోకపుల్. రెండు భిన్న లోహాల సంధిని వేడిచేస్తే విద్యుత్తు పుడుతుందని 1821లో థామస్ సీబెక్ గమనించిన సూత్రమే దీనికి ఆధారం. నికెలు మిశ్రలోహాలతో చేసిన కె రకం తీగలు డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు ఇస్తాయి. చల్లబరచే ద్రవం వేడెక్కడానికి నిమిషాలు పడితే, ఇది కొద్ది సెకన్లలోనే తెలుపుతుంది. అంకె పెరుగుతున్నప్పుడు యాక్సిలరేటరు తగ్గించి, కింది గేరుకు మారితే ఇంజను దక్కుతుంది.

మరి చోదకుడు చేయదగినది ఏమిటి? స్టీరింగు కింద ఉండే డయాగ్నోస్టిక్ సాకెట్టుకు చిన్న రీడరు తగిలిస్తే, కంప్యూటరుకు తెలిసిన అసలు అంకెలు కనిపిస్తాయి. అయితే సెన్సారే చెడితే ఆ అంకె కూడా తప్పుతుంది. కనుక రసాయనశాలలో ఉష్ణమాపకాన్ని సరిచూసినట్లే దీనినీ సరిచూడాలి. విప్పిన థర్మిస్టరును మంచునీటిలోను, మరిగే నీటిలోను ఉంచి, దాని నిరోధాన్ని నిర్మాత ఇచ్చిన పట్టికతో పోల్చాలి. మరిగే నీరు అన్నిచోట్లా 100 డిగ్రీలు కాదు. డెన్వర్‌లో సుమారు 95 మాత్రమే. నూనె పీడనానికి విడిగా అమర్చే యాంత్రిక గేజి నమ్మదగినది. సమతల రహదారిపై బరువు లేకుండా, ఆపై బరువుతో నడిపి, ఈ అంకెలను ఒక పుస్తకంలో వ్రాసి ఉంచుకుంటే తేడా వచ్చిన నాడు వెంటనే తెలుస్తుంది.

మధ్యలో నిలిచిన ముల్లు ఇంజను క్షేమానికి హామీ కాదు. నిర్మాత నిర్ణయించిన హద్దు ఇంకా దాటలేదని మాత్రమే దాని అర్థం. అది ఒకసారి కదిలిందంటే మాత్రం ఆలోచించే వ్యవధి ఉండదు. బండిని పక్కకు తీసి ఆపవలసిందే.