గడికి ఒక్క అక్షరం

ఆదివారం హైదరాబాద్ అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే మా మనవడికి ఓ పాత వారపత్రిక దొరికింది. లోపల సగం నింపిన గళ్ళ నుడికట్టు. "తాతయ్యా, ఇలాంటిది మనమే చేద్దామా?" అన్నాడు. నాంపల్లిలో ఇల్లు చేరగానే ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చున్నాం.

ఈ ఆటకు వందేళ్ళు దాటాయి. 1913 డిసెంబర్ 21న 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో ఆర్థర్ విన్ వజ్రం ఆకారంలో తొలి గళ్ళు వేశాడు. తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర అంతటివాళ్ళు గళ్ళు కట్టారు.

గళ్ళు కట్టే ఉచిత ప్రోగ్రాం ఒకటి దింపి ఇన్‌స్టాల్ చేశాం. తయారుచేసినవాళ్ళ సొంత సైటు నుంచే దింపుకోవాలి. ప్రతి తెరా చదివాకే 'నెక్స్ట్' నొక్కాలి. లేకపోతే పిలవని చుట్టాల్లా వేరే ప్రోగ్రాములు వచ్చి కూర్చుంటాయి.

గళ్ళు నింపడంలో ఆ ప్రోగ్రాం తెలివి ఏమిటంటారా? కొత్త గల్లీలో ఇల్లు వెతికినట్టే. ఒక మాట పెట్టి చూస్తుంది. ముందు దారి మూసుకుపోతే మలుపు దాకా వెనక్కి వచ్చి, ఇంకో మాట పెడుతుంది. క్షణంలో వేలసార్లు.

మావాడు 'నాంపల్లి' అని కొట్టాడు. మూడు గళ్ళు చాలు కదా? అది ఎనిమిది తీసుకుంది! 1991లో వచ్చిన యూనికోడ్ అనే కంప్యూటర్ సంకేతాల లెక్కలో న, దీర్ఘం, సున్నా, ప, ల, పొల్లు, మళ్ళీ ల, గుడి... ఒక్కోదానికీ ఒక్కో సంకేతం. 'అబిడ్స్'కు ఏడు. ఇంగ్లీషులో ఒక సంకేతమంటే ఒక అక్షరం కాబట్టి, ఆ భాష కోసం రాసిన ప్రోగ్రాం మన గుణింతాన్నీ ఒత్తునీ విడదీసింది. మన చెవికి మాత్రం 'ల్లి' ఒక్కటే అక్షరం.

అప్పుడు పట్టికలు వేసే లిబ్రెఆఫీస్ క్యాల్క్ తెరిచాం. అదీ ఉచితమే. గళ్ళను చతురస్రాలుగా సర్ది, కొన్నిటికి నల్లరంగు వేసి, గడికో అక్షరం మేమే రాశాం. అడ్డంగా నాంపల్లి, నిలువుగా మల్లేపల్లి. రెండూ 'ల్లి' దగ్గర కలిశాయి. పక్కపక్క పేటలేగా మరి!

మీరూ ఏ ప్రోగ్రాం దింపినా మొదట 'నాంపల్లి' కొట్టి చూడండి. మూడు గళ్ళలో ఇమిడితేనే అది తెలుగు గళ్ళకు పనికొస్తుంది.