తూనీగల ఫొటోలకు లెన్సు కొంటున్నరా? జర ఆగుండ్రి

పోయిన చలికాలం పత్తి ఏరిన పైసలల్లకెళ్లి అమ్మ నాకు 16 వేలు ఇచ్చింది. పట్నం పోయి సెకండ్‌హ్యాండ్‌ల 60 ఎంఎం మాక్రో లెన్సు కొన్న. దుకాణపాయన ‘వన్ టు వన్’ అన్నంక ఇగ వేరే మాట నా చెవికెక్కలే. తెల్లారి చెరువు కట్టకు పోయిన. తుంగ కొన మీద ఎర్ర తూనీగ కూసున్నది. ఒక్కో అడుగు ఏసుకుంట దగ్గరికి పోతే, బటన్ నొక్కకముందే తుర్రుమన్నది. వారం దినాలు గిదే కథ. కార్డు నిండ ఖాళీ తుంగ కొనలే.

లెన్సుది తప్పు కాదు, తూనీగ సంగతి తెల్వని నాది. దాని ఒక్కో పెద్ద కంట్ల వేల సంఖ్యల బుల్లి కండ్లుంటయి. సరిగ్గ ఎనక జరంత తప్పితే చుట్టూరా కనవడ్తది. చిన్నప్పుడు తోక పట్టి దారం కట్టినోళ్లకు ఎరుకే, చెయ్యి ఎంత మెల్లగ జరపాల్నో.

ఇగ లెక్క సూడుండ్రి. వన్ టు వన్ అంటే పురుగు ఎంతుంటే సెన్సర్ మీద అంతే సైజుల పడుడు. మనం కొనే మామూలు ఏపీఎస్-సీ కెమెరా సెన్సర్ వెడల్పు 22, 23 మిల్లీమీటర్లు. ఎర్ర తూనీగేమో 4 సెంటీమీటర్లు ఉంటది. అంటే వన్ టు వన్‌ల తలకాయ, ఛాతీ తప్ప పట్టవు! మొత్తం తూనీగ రావాల్నంటే 0.3 రెట్లు చాలు. క్యానన్ 55-250 ఎస్‌టీఎం అసొంటి మామూలు జూమే 0.29 ఇస్తది. అది కూడా 85 సెంటీమీటర్ల నుంచి. ఆ దూరం సెన్సర్ కాడికెళ్లి లెక్క, లెన్సు మూతి నుంచి చూస్తే రెండడుగులు. గదే ఫొటో నా 60తోటి తియ్యాల్నంటే జానెడు దూరంల మూతి పెట్టాలె. ఏ తూనీగ ఊకుంటది?

కండ్లు, రెక్కల నరాలు ఇంకా పెద్దగ కావాల్నంటే జూమ్ ముందట క్లోజప్ లెన్సు బిగియ్యాలె. దీని పవర్ డయాప్టర్లల్ల చెప్తరు. 2 డయాప్టర్లదైతే, జూమ్‌ను దూరానికి ఫోకస్ చేసి పెడితే, 50 సెంటీమీటర్ల కాడ బొమ్మ కుదురుతది. 250 ఎంఎం మీద సగం సైజు వస్తది. రేనాక్స్ డీసీఆర్-150 అయితే 4.8 డయాప్టర్లు, సైజు 1.2 రెట్లు వస్తది గని దూరం 20 సెంటీమీటర్లకు పడిపోతది. తూనీగలకు నా ఓటు 2 డయాప్టర్లకే. ఒంటి అద్దంతోటి వచ్చే సవక సెట్లల్ల అంచులకు రంగులు పూస్తయి, రెండద్దాలు అతికించినదే తీసుకోండ్రి.

ఎక్స్‌టెన్షన్ ట్యూబులు సవకనే, లోపట అద్దం ఉండది. అయితే 36 ఎంఎం ట్యూబు 50 ఎంఎం లెన్సుకు 0.7 రెట్లు కలిపితే, 250కి కలిపేది 0.14 మాత్రమే. జూమ్‌కు దండుగ. కరెంటు కనెక్షన్ లేని ట్యూబు అసలే కొనకుండ్రి, క్యానన్ లెన్సుల అపర్చర్ మార్చరాదు.

ట్రైపాడ్ కూడా వద్దు. దాని కాళ్లు బురదల సర్దేలోపు తూనీగ పోతది. మోపున కట్టే వెదురు బొంగు మీద కెమెరా ఆనిస్త. ఎఫ్8 పెట్టి, రెక్కలకు సమానంగ కెమెరా పట్టుకుంటే తల నుంచి తోక దాకా సాఫ్‌గ వస్తది. ఎగిరిపోయినా ఉరకకుండ్రి, చానా సార్లు అదే కొన మీదికి మళ్ల వస్తది. పొద్దు పొడవకముందు పోతే రెక్కలు మంచుకు తడిసి కదలయి. ఒడ్ల మీద గడ్డిల కూసునేముందు మాత్రం బొంగుతోటి ఓసారి కొట్టి చూడుండ్రి, పాములుంటయి.

ఆ 60 ఎంఎం అమ్ముదామనే అనుకున్న. గంతల తొలకరి పడ్డది, చెల్కల ఆరుద్ర పురుగులు బయటికొచ్చినయి. అవి ఎగరయి, ఎర్రగ మఖ్మల్ ముద్ద లెక్క నడుసుకుంట పోతయి. బోర్ల పండి జానెడు దూరంకెళ్లి తీసిన. అమ్మకు చూపెట్టిన మొదటి ఫొటో గదే.