ఖాళీ గృహాలు, ఇరుకు గదులు: తరగతిలో నేర్పవలసిన గూటి లెక్క

కూడు, గుడ్డ, గూడు మనిషికి కనీస అవసరాలని పిల్లలు చిన్న తరగతులలోనే నేర్చుకుంటారు. అయితే బియ్యాన్నీ బట్టనూ ఒకచోటి నుంచి మరొకచోటికి తరలించవచ్చు గానీ ఇంటిని తరలించలేమని, అందుకే దాని ధర గోడలకన్నా అది నిలిచిన నేలను బట్టి ఎక్కువగా తేలుతుందని విడమరచి చెప్పినప్పుడే నివాస అసమానత అన్న పాఠానికి పునాది పడుతుంది.

కొరత, ఖాళీ: రెండూ నిజమే

2012 – 17 పంచవర్ష ప్రణాళిక కోసం కేంద్రం నియమించిన సాంకేతిక బృందం దేశంలోని పట్టణాలలో 1.88 కోట్ల ఇళ్ల కొరత ఉందని అంచనా వేయగా, 2011 జనగణన అవే పట్టణాలలో సుమారు 1.11 కోట్ల గృహాలు ఖాళీగా ఉన్నట్లు లెక్కించింది. జనగణన పరిభాషలో గృహమంటే విడిగా ద్వారమున్న కట్టడం లేదా అందులోని ఒక భాగం కనుక ఈ రెండు అంకెలను నేరుగా తీసివేయడం కుదరదు. కానీ రెండూ పక్కపక్కనే ఎలా నిలిచాయన్న ప్రశ్న విద్యార్థిని ఆలోచనలో పడేస్తుంది.

జవాబు కొరతకు ఇచ్చిన నిర్వచనంలోనే దొరుకుతుంది. ఆ 1.88 కోట్లలో పూర్తిగా నిలువనీడ లేని కుటుంబాలు 5.3 లక్షలు మాత్రమే, దాదాపు 1.50 కోట్ల కుటుంబాలవి ఇరుకు కాపురాలు, అంటే పెళ్లయిన జంటకు విడిగా ఒక గదైనా లేని ఇళ్లు. మొత్తం కొరతలో సుమారు 95 శాతం ఆర్థికంగా బలహీన వర్గాలదీ అల్పాదాయ వర్గాలదీ కాగా, పొదుపుగా కొనిపెట్టుకున్న ఫ్లాటు గానీ, ఉపాధి లేనిచోట కట్టిన ఇల్లు గానీ వారి చేతికి అందదు. కనుక ఇది ఇళ్ల సంఖ్యకన్నా వాటి పంపకానికి సంబంధించిన కొరత.

ఒకే భిన్నం, రెండు బతుకులు

ఆదాయంలో మూడో వంతు మించకుండా నివాస ఖర్చు ఉంటే ఇల్లు అందుబాటులో ఉన్నట్టేనని స్థూలంగా ఒక కొలమానం చెబుతారు. గణితం పీరియడులో దీన్ని ఊహా లెక్కగా ఇవ్వవచ్చు: నెలకు 15,000 రూపాయలు సంపాదించే కుటుంబం 5,000 అద్దె కడుతుంది, 60,000 సంపాదించే కుటుంబం 20,000 కడుతుంది. భిన్నం రెండు చోట్లా ఒకటే అయినా మొదటి ఇంట్లో తిండికి, చదువుకు, వైద్యానికి మిగిలేది పదివేలే, రెండో ఇంట్లో నలభై వేలు. అందువల్ల అద్దె భారాన్ని కట్టినదాన్ని బట్టే కాక మిగిలినదాన్ని బట్టి కూడా కొలవాలని పిల్లలు తమంతట తామే గ్రహిస్తారు.

దూరం కూడా అద్దెలాంటిదే

తెలంగాణ ప్రభుత్వం సంగారెడ్డి జిల్లా కొల్లూరులో, హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు సమీపాన నిర్మించిన 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల సముదాయం 2023లో ప్రారంభమైంది. 560 చదరపు అడుగుల పక్కా ఇల్లు ఒక గది కాపురానికి పెద్ద ఊరట అనడంలో సందేహం లేకపోయినా, నగరం నడిబొడ్డున అడ్డా మీద కూలి వెతుక్కునే మనిషికి అక్కడి నుంచి రానుపోను బస్సు ఛార్జీ, ప్రయాణానికి పట్టే గంటలు ఎంతవుతాయో పటం ముందు పెట్టుకుని లెక్కగట్టడం భూగోళశాస్త్ర పాఠమవుతుంది.

పౌరశాస్త్రంలో దీనికి జోడీ 1985 నాటి ఓల్గా టెల్లిస్ తీర్పు. బొంబాయి కాలిబాటల మీద నివసించేవారిని అక్కడి నుంచి వెళ్లగొడితే వారి జీవనోపాధి పోతుందని, జీవనోపాధి 21వ అధికరణం చెప్పే జీవించే హక్కులో భాగమని గుర్తించిన సుప్రీంకోర్టు, చట్టబద్ధమైన పద్ధతిలో తొలగింపును మాత్రం నిషేధించలేదు. హక్కును గుర్తించడానికీ గూడు దక్కడానికీ మధ్య ఎంత ఎడముందో ఈ ఒక్క తీర్పే చూపుతుంది.

పాఠం చెప్పే తీరు

సొంత మేడలో ఉండే పిల్ల, అద్దె గదిలో నలుగురితో సర్దుకునే పిల్లవాడు ఒకే బల్ల మీద కూర్చునే తరగతిలో మీ ఇంట్లో ఎన్ని గదులని అడగడం పాఠం కాదు, పరీక్ష. ఊహా కుటుంబాలతో, జనగణన పట్టికలతో, టు-లెట్ బోర్డుల మీది అద్దెలతో పాఠం నడిపితే ఎవరి పేదరికమూ నల్లబల్ల ఎక్కకుండానే, ఎన్ని ఇళ్లు కట్టారన్న ప్రశ్న ఎవరికి, ఎక్కడ, ఎంతకు అన్న మూడు ప్రశ్నలుగా విడిపోతుంది.