కంప్యూటరు సెలవు తీసికొను విధము

ఏ కార్యమునకైనను ఆరంభమెంత ముఖ్యమో ముగింపును అంత ముఖ్యము. కరీంనగర్ జిల్లాలోని జమ్మికుంట పత్తి వ్యాపారమునకు పేరొందిన పట్టణము. అట్టి మార్కెట్టులో పత్తి అమ్ముటయనగా బండిలోని సరకును దింపుట మాత్రమే కాదు. సరకునకు కాంటా వేయవలెను. తూకమును, ధరను తక్‌పట్టీలో వ్రాయవలెను. అడ్తిదారు తన పుస్తకములో ఆ లెక్క నెక్కించుకొనవలెను. ఇవన్నియు ముగిసిన పిదపనే పుస్తకమును బీరువాలోనుంచి తాళము వేయుటకు వీలగును. ఎవరైన నొకరు ఆ పుస్తకమును పట్టుకొని యింకను వ్రాయుచున్నచో గుమాస్తా తాళపుచెవితో వేచియుండవలసినదే. కంప్యూటరును ఆపునప్పుడు దానిలోపల జరుగునదియు నిట్టిదే.

ఒకే కంప్యూటరును పలువురు వాడుకొనుట పాఠశాలలలోను, కార్యాలయములలోను సాధారణము. ఒకనికి తెరపై నీలిరంగు ఇష్టము. మరియొకనికి అక్షరములు పెద్దవిగా నుండవలెను. ఒక్కొక్కరి అభిరుచులను, పత్రములను వేరువేరుగా భద్రపరచుటకు విండోస్ అను నిర్వహణ వ్యవస్థ ప్రతివానికిని ఒక్కొక్క ప్రత్యేక స్థానము నేర్పరచును. దానికే యూజర్ ప్రొఫైల్ అని పేరు. అందు మన పత్రములు, చిత్రములు ఉండును. మన యిష్టానిష్టముల పట్టికవంటి దొకటి కూడ నుండును. ఆ దస్త్రము పేరు ఎన్.టి.యూజర్.డాట్.

మనము పేరును, సంకేతపదమును ఇచ్చి లోనికి ప్రవేశింపగనే విండోస్ ఆ దస్త్రమును తెరచి, రిజిస్ట్రీ యను తన పెద్ద పట్టికలో నొక భాగముగా చేర్చుకొనును. మనము సెలవు తీసికొనునపుడు మార్పులను డిస్కుపై వ్రాసి, ఆ భాగమును రిజిస్ట్రీనుండి విడదీసి, దస్త్రమును మూసివేయవలెను. ఈ మూయుటకే ప్రొఫైలును అన్‌లోడ్ చేయుట యని పేరు.

చిక్కు వచ్చునది ఇచ్చటనే. మనము చూచు కార్యక్రమములు గాక, తెరవెనుక మరికొన్ని పనిచేయుచుండును. వైరసులను పట్టు కార్యక్రమము, ముద్రణయంత్రమును నడపు డ్రైవరు మొదలైనవి అట్టివి. ఇవి మన పట్టికలోని ఒక పుటను తెరచి, పని ముగిసినను మూయక విడిచినచో, విండోస్ దస్త్రమును మూయజాలదు. అప్పుడు యంత్రము ఆగుటకు మిక్కిలి జాగుచేయును.

2000వ సంవత్సరమున వెలువడిన విండోస్ 2000లోను, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోను ఈ బాధ తరచుగా కనబడెడిది. మూయుటకు వీలుకానపుడు సెకనున కొకసారి చొప్పున 60 సార్లు మరల ప్రయత్నించుట నాటి యేర్పాటు. ‘మీ అమరికలను భద్రపరచుచున్నాము’ అను మాట తెరపై నిలిచియుండగా, వాడువారు విసుగుచెంది విద్యుత్తును ఆపివేసెడివారు. దీనికి విరుగుడుగా మైక్రోసాఫ్ట్ సంస్థ యూపీహెచ్‌క్లీన్ అను చిన్న సాధనమును ప్రత్యేకముగా వెలువరించెను. పిమ్మట 2007లో సామాన్యులకు అందిన విండోస్ విస్టా మొదలుకొని ఆ పని వ్యవస్థలోనే అంతర్భాగమైనది. ఎవరైనను పుటను వదలకున్నచో వ్యవస్థయే బలవంతముగా మూసి, జరిగినదానిని 1530 అను సంఖ్యతో తన దినచర్యలో వ్రాసికొనును.

ఈ హెచ్చరిక అప్పుడప్పుడు కనబడినంత మాత్రమున భయపడ నక్కరలేదు. భయపడవలసినది మరియొకటి కలదు. ప్రొఫైలు దస్త్రము చెడిపోయినను, తెరచుటకు వీలుకాకున్నను, మరుసటిసారి విండోస్ మన కొక తాత్కాలిక ప్రొఫైలును ఇచ్చును. తెర కొత్తగా కనబడును. మన పత్రములు కనబడవు. అవి పాతచోటనే ఉండవచ్చును గాని, ఈ తాత్కాలిక స్థానమున కొత్తగా దాచినది మాత్రము సెలవు తీసికొనగనే తుడిచిపెట్టుకొని పోవును. ఉపకారవేతనమునకు రాత్రియంతయు కూర్చుండి దరఖాస్తు వ్రాసిన విద్యార్థి దానిని అందు దాచినచో, ఉదయమున చూచుకొనుటకేమియు మిగులదు.

కావున చిక్కు కనబడినప్పుడు క్రమముగా నడువవలెను. మొదట ముఖ్యమైన పత్రములకు మరియొకచోట నకళ్లు తీసికొనవలెను. తాత్కాలిక ప్రొఫైలు వచ్చినచో నకళ్లను ఆ ప్రొఫైలులో గాక పెన్‌డ్రైవువంటి దానిలో ఉంచవలెను. తరువాత ఈవెంట్ వ్యూయర్ అను భాగమును తెరచి, అందు అప్లికేషన్ అను శీర్షిక క్రింద చూడవలెను. 1530 సంఖ్యగల హెచ్చరికలో పుటను వదలని కార్యక్రమము పేరు సాధారణముగా వ్రాసియుండును. దొంగ యెవరో తెలిసిన పిమ్మట పట్టుట సులభము. ఆ కార్యక్రమమునకు కొత్త కూర్పు ఉన్నచో దానిని తెచ్చుకొనవలెను. అక్కర లేనిదైనచో తొలగింపవలెను.

ఇంకొక విషయము గుర్తుంచుకొనదగినది. 2012లో వచ్చిన విండోస్ 8 మొదలుకొని ‘షట్‌డౌన్’ చేసినపుడు, శీఘ్ర ప్రారంభ మను ఏర్పాటు అమలులో ఉన్నచో వ్యవస్థ పూర్తిగా ఆగదు. తన ప్రధాన భాగమును డిస్కుపై దాచుకొని నిద్రించును. ‘రీస్టార్ట్’ చేసినప్పుడే సమస్తము మొదటినుండి ప్రారంభమగును. అందుచేత చిక్కులలో ముందు రీస్టార్ట్ చేసి చూచుట మేలు. అప్పటికిని తాత్కాలిక ప్రొఫైలే వచ్చుచున్నచో డిస్కు చెడినదేమో పరీక్షింపవలెను. లేదా కొత్త ఖాతా తెరచి, పాతదానిలోని పత్రములను అందులోనికి మార్చుకొనవలెను. రిజిస్ట్రీని మాత్రము తెలిసినవారి సాయము లేక ముట్టరాదు.

అన్నిటికంటె మంచి మందు జాగ్రత్తయే. తెరచిన కార్యక్రమముల నన్నిటిని మూసి, పత్రములను దాచి, యంత్రమును ఆపుమని ఆజ్ఞ యిచ్చి, అది తనంతట తాను ఆగువరకు వేచియుండవలెను. తూకము వేసి లెక్క వ్రాయకుండ బండి కట్టు రైతు ఎట్లు నష్టపోవునో, ఆగుచున్న యంత్రమునుండి మీటను లాగువాడును అట్లే నష్టపోవును. ఒక్క నిమిషపు ఓపిక ఒక దినపు శ్రమను కాపాడును.